అద్దె చట్టం మారితే ఇంటి ఓనర్లు ఎలా సిద్ధంగా ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హైదరాబాద్‌లో నాన్నగారు కట్టించిన ఇల్లు. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిస్తాం. నాన్నగారి హయాంలో ఒకసారి అడ్వాన్సు దగ్గర గట్టి తగాదా అయ్యాక, నేను అద్దె చట్టాలన్నీ కూర్చుని చదువుకున్నాను. అప్పటినుంచి మా వీధిలో ఎవరికి అనుమానం వచ్చినా నన్నే అడుగుతారు. ఆ ప్రశ్నలే ఇవి. నేను లాయరును కాను. గొడవ కోర్టు మెట్ల దాకా వచ్చిందంటే లాయరును కలవాల్సిందే. అంతదూరం పోకుండా మనం ముందే చేసుకోగలిగిన పని మాత్రం చాలా ఉంది.

వాట్సాప్‌లో "కొత్త అద్దె నిబంధనలు 2025" అని వచ్చింది. అది దేశమంతా అమల్లోకి వచ్చేసిందా?

లేదు. 2025 చివర్లో ఆ మెసేజీ అన్ని గ్రూపుల్లోనూ తిరిగింది. అందులో ఉన్న విషయాలు చాలావరకు కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన మాడల్ టెనెన్సీ యాక్ట్ నుంచి తీసుకున్నవే. పేరులోనే ఉంది, అది నమూనా చట్టం. ఓనరుకూ అద్దెదారుకూ మధ్య సంబంధం రాష్ట్రాల జాబితాలోని అంశం. కాబట్టి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం అసెంబ్లీలో తన చట్టంగా చేసుకుంటేనే ఆ నిబంధనలు మన ఇంటికి వర్తిస్తాయి.

ఆ మెసేజీ చూసి కంగారుపడి, మా వీధిలోనే ఒకాయన నెలనెలా ఒకటో తారీఖున అద్దె ఇచ్చే కుటుంబాన్ని ఖాళీ చేయించాడు. తర్వాత మూడు నెలలు టు-లెట్ బోర్డు అలాగే వేలాడింది. ఇలాంటి వార్త చూసినప్పుడు ముందు "మన రాష్ట్రంలో వచ్చిందా?" అని కనుక్కోండి.

మరి తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఏ చట్టం నడుస్తోంది?

తెలంగాణలో 1960 నాటి చట్టమే ఉంది. భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయించడాన్ని నియంత్రించే ఆ చట్టాన్నే జనం రెంట్ కంట్రోల్ అంటారు. అయితే మనలో చాలామంది ఇళ్లు దాని కిందికి రావు, ఈ సంగతి ఓనర్లకే తెలియదు. 2005లో వచ్చిన సవరణ ప్రకారం, కట్టడం పూర్తయిన 15 ఏళ్ల దాకా ఆ భవనానికి ఈ చట్టం వర్తించదు. ఆ సవరణ నాటికి నెల అద్దె మున్సిపల్ కార్పొరేషన్లలో 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన భవనాలకూ వర్తించదు. అలాంటి ఇళ్లకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోవాలి.

ఆంధ్రప్రదేశ్ 2017లోనే నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దెకు కొత్త చట్టం చేసుకుంది. మాడల్ చట్టం బాటలో తమ చట్టాలు మార్చుకున్న రాష్ట్రాలుగా కేంద్రం చెప్పేవి నాలుగు: ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం. చెన్నైలో ఫ్లాటు కొనుక్కున్న తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. తమిళనాడు చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. అక్కడ రాతపూర్వక ఒప్పందం లేకుండా అద్దెకివ్వకూడదు, దాన్ని రెంట్ అథారిటీ (అద్దె వ్యవహారాలు చూసే ప్రభుత్వాధికారి) దగ్గర నమోదు చేయించాలి, అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు.

మాడల్ చట్టం లాంటిది మన దగ్గరికి వస్తే ఓనరుకు ఏం మారుతుంది?

ముందుగా, నోటిమాట అద్దెలు చెల్లవు. ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఓనరు, అద్దెదారు కలిసి రెండు నెలల్లోపు రెంట్ అథారిటీకి తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆ చట్టం కింద వచ్చే రక్షణ ఇద్దరికీ ఉండదు.

తగాదా తీర్చే దారి కూడా మారుతుంది. డిప్యూటీ కలెక్టర్ స్థాయి అధికారి రెంట్ అథారిటీగా, ఆ పైన రెంట్ కోర్టు, దాని పైన జిల్లా జడ్జి స్థాయిలో రెంట్ ట్రిబ్యునల్ ఉంటాయి. సివిల్ కోర్టుల్లో ఏళ్లకేళ్లు తిరిగినవాళ్లకు ఇది పెద్ద ఊరట. అద్దె ఎంత ఉండాలన్న పరిమితి లేదు, అది ఇద్దరూ మాట్లాడుకున్నదే. కానీ ఒప్పందంలో పెంపు గురించి ఏమీ రాసుకోకపోతే, పెంచే ముందు మూడు నెలల నోటీసు ఇవ్వాలి. ఇంట్లోకి చూడ్డానికి వెళ్లాలన్నా 24 గంటల ముందు చెప్పాలి, పొద్దు పొడవక ముందు, పొద్దు గూకాక వెళ్లకూడదు.

ఓనర్లు సరిగ్గా పట్టించుకోని మార్పు ఇంకొకటి ఉంది. రెండు నెలలు వరసగా అద్దె ఎగ్గొట్టి నోటీసిచ్చినా కట్టకపోవడం, చెప్పకుండా ఇంకొకరికి ఇవ్వడం, ఇంటిని వేరే పనికి వాడటం, అనుమతి లేకుండా గోడలు కదపడం లాంటి కారణాలుంటేనే గడువు మధ్యలో ఖాళీ చేయించగలం. "మా అబ్బాయికి పెళ్లి కుదిరింది, ఇల్లు మాకే కావాలి" అన్నది ఆ జాబితాలో లేదు. ఓనరు చనిపోయి వారసులకు నిజంగా అవసరమైతే మాత్రం వేరే దారి ఉంది. కాబట్టి రాబోయే రెండేళ్లలో ఇల్లు మీకే అవసరం పడుతుందనుకుంటే, అద్దె గడువు పెట్టేటప్పుడే దాన్ని లెక్కలో వేసుకోండి.

ఇప్పటికే ఉంటున్న అద్దెదారుకు కొత్త చట్టం వర్తిస్తుందా?

మాడల్ చట్టం ముందుకు మాత్రమే పనిచేస్తుంది, పాత అద్దెలను తాకదు. కానీ అదే అద్దెదారుతో మళ్లీ కొత్తగా ఒప్పందం రాసుకున్నారంటే ఆ కాగితం కొత్త చట్టం లెక్కలోకే వస్తుంది. మన అగ్రిమెంట్లు ఎలాగూ 11 నెలలకోసారి మారుతుంటాయి కాబట్టి, "పాతవాళ్లకు వర్తించదులే" అని నిశ్చింతగా కూర్చునే వీలు లేదు.

అసలు ఈ 11 నెలల లెక్క ఏమిటి? కొత్త చట్టం వస్తే పోతుందా?

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికి పుట్టిందే 11 నెలల అలవాటు. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో తెచ్చిన సవరణ ప్రకారం, మన దగ్గర ఏడాదిలోపు లీజునూ రిజిస్టరు చేయించాల్సిందే. ఇంకా పెద్ద తప్పు ఎక్కడ జరుగుతుందంటే, స్టాంపు పేపరు మీద మూడేళ్లకు రాసుకుని రిజిస్టరు చేయించకుండా బీరువాలో పెట్టేసినప్పుడు. రేపు కోర్టులో ఆ మూడేళ్ల షరతు నిలబడదు. దుకాణాలకు, క్లినిక్కులకు ఇచ్చేటప్పుడు ఈ పొరపాటు ఎక్కువ. ఎన్నేళ్లకు ఇస్తున్నారో అన్నేళ్లకూ రాసి రిజిస్టరు చేయించండి. ఆ ఖర్చును ఇద్దరూ సగం సగం పంచుకోండి.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుదైపోతుందంటారు. నిజమేనా?

కాదు. మన పెద్దవాళ్లను ఇంతగా భయపెట్టిన మాట ఇంకొకటి లేదేమో. పన్నెండేళ్లన్నది ఓనరు హక్కును కాదని, అందరికీ తెలిసేలా ఆస్తిని తనదిగా అనుభవించినవాళ్ల గురించి. అద్దెదారు మీ అనుమతితో లోపలికి వచ్చాడు, మిమ్మల్ని ఓనరుగా ఒప్పుకుని అద్దె కడుతున్నాడు. అద్దెదారుగా ఉన్నంతకాలం మీ హక్కును కాదనే అధికారం అతనికి లేదు. ఇరవై ఏళ్లున్నా అంతే. కాకపోతే అతను అద్దెదారేనని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి. అగ్రిమెంటు, రసీదు, బ్యాంకులో అద్దె పడ్డ ఎంట్రీ, ఏదో ఒకటి. ఏదీ లేకుండా చేతిలో నగదు తీసుకుంటూ పోయినవాళ్లకే ఇబ్బంది.

అగ్రిమెంటులో ఏమేం రాయాలి?

ముందు మా కథ చెప్తాను. నాన్నగారు అడ్వాన్సు లెక్కలు గోడ క్యాలెండరు వెనక రాసేవారు. పాల లెక్క, చాకలి లెక్క కూడా అక్కడే. ఏడాది అయిపోయాక ఆ కాగితాలు వంటింటి అలమరల్లో డబ్బాల కిందికి పోయేవి. పై పోర్షన్‌లో ఆరేళ్లున్న ఒకాయన ఖాళీ చేస్తూ తను ఇచ్చిన అడ్వాన్సు ముప్పై వేలన్నారు. నాన్నగారికి గుర్తున్నది ఇరవై వేలు. ఆ ఏటి క్యాలెండరు కోసం అలమరలన్నీ దులిపాం. పసుపు డబ్బా కింద దొరికింది కానీ, నూనె పట్టి అంకె కనపడలేదు. నాన్నగారు ముప్పై వేలూ ఇచ్చేశారు. ఆయన్ని బాధపెట్టింది డబ్బు కాదు. ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనుషులు గుమ్మంలో నిలబడి ఒకరినొకరు అబద్ధాలకోర్లన్నట్టు చూసుకున్నారు. ఆయన అబద్ధం చెప్పారని నేను ఈరోజుకీ అనుకోను. ఇద్దరికీ గుర్తు తప్పి ఉంటుంది, అంతే.

అందుకే మొదట అడ్వాన్సు ఎంత, ఏ తేదీన, ఎలా ఇచ్చారు అన్నది అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. ఆ తర్వాత అద్దె ఎంత, ఏ తారీఖులోపు, ఏ ఖాతాకు. ఏడాదికి పెంపు ఎంత శాతం. అయిదో పదో, మీరు మాట్లాడుకున్నది ముందే రాసుకుంటే పెంచే రోజున మొహమాటం ఉండదు. మెయింటెనెన్స్, నీటి బిల్లు, కరెంటు బిల్లు ఎవరివి. ఖాళీ చేయాలంటే ఎవరు ఎన్ని నెలల ముందు చెప్పాలి. ఇంట్లో ఉండేవాళ్లెవరు, ఇల్లు నివాసానికా, ట్యూషన్లకో టైలరింగుకో కూడానా. పార్కింగు ఎక్కడ. రెండువైపులా ఫోన్ నంబర్లు, గుర్తింపు కాగితాలు. ఆధార్ కాపీ తీసుకుంటే మొదటి అంకెలు మూసేసినదే తీసుకోండి, దాన్ని జెరాక్స్ షాపు కౌంటరు మీద వదిలేసి రాకండి.

నోటరీ బల్ల దగ్గర దొరికే రెడీమేడ్ కాగితం మీద పేర్లు మాత్రం మార్చి సంతకాలు పెట్టొద్దు. వాటిలో మీకు సంబంధం లేని షరతులుంటాయి, కావలసినవి ఉండవు. తెలుగులో రాసుకున్నా చెల్లుతుంది. ఇద్దరూ చదివి అర్థం చేసుకోగల భాషలో ఉండటం ముఖ్యం.

అడ్వాన్సు ఎంత తీసుకోవచ్చు?

మాడల్ చట్టంలో ఇంటికి రెండు నెలల అద్దె, దుకాణం, ఆఫీసు లాంటి వాటికి ఆరు నెలల అద్దె మించకూడదు. హైదరాబాద్‌లో ఇళ్లకు రెండు నెలలు మామూలే కాబట్టి మనకు పెద్ద తేడా రాదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అలవాటున్న తెలుగు ఓనర్లకు మాత్రం గట్టిగానే తగులుతుంది. ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చిన రోజునే, కోతలేమైనా ఉంటే పోను మిగతాది తిరిగి ఇచ్చేయాలన్నది నియమం. "కొత్తవాళ్లు వచ్చాక ఇస్తా" అనే పాత అలవాటు ఇక పనికిరాదు. నా మటుకు నేను ఆ అడ్వాన్సు వేరే ఖాతాలో వేసి ముట్టుకోను. అది మన డబ్బు కాదు, దాచమని ఇచ్చింది.

ఇల్లు అప్పగించే రోజున ఏం చూసుకోవాలి?

అరగంట పని, ఎంతో తలనొప్పి తప్పుతుంది. అద్దెదారుతో కలిసి గది గదీ తిరగండి, ఫోన్‌లో వీడియో తీస్తూ పైకి చెప్పండి. మొన్న మేం అలాగే చేశాం. హాల్లో రెండు ఫ్యాన్లు, ఒకటి మూడో స్పీడు మీద చప్పుడు చేస్తుంది. వంటింటి సింకు మూలన వెంట్రుకవాసి పగులు. బాత్రూములో గీజరు పనిచేస్తోంది, వేడినీళ్లు పట్టి చూపించాను. మెయిన్ డోరు తాళంచెవులు మూడు, గ్రిల్‌వి రెండు. చివర కరెంటు మీటరు దగ్గర నిలబడి రీడింగు ఫొటో తీశాం. ఆ వీడియో ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఖాళీ చేసే రోజున మళ్లీ అదే వరసలో తిరగండి. గోడకు మేకుల బొక్కలు, పిల్లల పెన్సిల్ గీతలు మనుషులు బతికిన గుర్తులు. వాటికి అడ్వాన్సులో కోసుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. పగలగొట్టిన వాష్‌బేసిను సంగతి వేరు.

రిపేర్లు ఎవరు చేయించాలి?

మాడల్ చట్టం పట్టికే పెట్టింది. గోడలు, స్లాబు లాంటి కట్టడానికి సంబంధించినవి, సున్నాలు, తలుపులకు కిటికీలకు రంగులు, అవసరమైతే పైపులు మార్చడం, వైరింగు ఓనరువి. కుళాయి, దాని వాషరు, డ్రెయిన్ శుభ్రం, గీజరు రిపేరు, స్విచ్చులు, సాకెట్లు, తలుపుల గొళ్లాలు, పగిలిన అద్దాలు, దోమల జాలీలు అద్దెదారువి. ఓనరు చేయించకపోతే అద్దెదారే చేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చు, నెలకు సగం అద్దెకు మించకుండా. చట్టం వచ్చేదాకా ఆగకుండా ఈ పట్టికనే మీ అగ్రిమెంటుకు జతచేయండి. నేను చేశాను, ప్లంబరు వచ్చిన ప్రతిసారీ జరిగే వాదన ఆగిపోయింది.

అద్దె కట్టడం లేదు. కరెంటు తీసేయొచ్చా, తాళం వేయొచ్చా?

వద్దు. మాడల్ చట్టం నీళ్లు, కరెంటు లాంటివి ఆపడాన్ని సూటిగా నిషేధించింది. ఇప్పుడున్న చట్టాల్లోనూ ఇది ప్రమాదమే. 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం ప్రకారం, చట్టబద్ధమైన దారిలో కాకుండా బయటకు నెట్టేసిన మనిషి ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. అప్పుడు కోర్టు ఇల్లు ఎవరిదని అడగదు, ఎలా బయటకు పంపారని అడుగుతుంది. మీరెంత న్యాయంగా ఉన్నా ఆ ఒక్క తొందరపాటుతో తప్పు మీ వైపు తిరుగుతుంది. పైగా ఆ ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటారు. వాళ్లకు నీళ్లు ఆపడం మనకు తగదు.

ముందు వాట్సాప్‌లోనైనా సరే, బాకీ ఎంతో రాసి పంపండి. తర్వాత లాయరు నోటీసు. ఆస్తి బదిలీ చట్టం కింద నెలవారీ అద్దెకైతే 15 రోజుల నోటీసు చాలు, ఒప్పందంలో ఎక్కువ గడువు రాసుకుంటే అదే లెక్క. నోటీసు స్పీడ్ పోస్టులో పంపి (పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది) రసీదు దాచుకోండి. ఆ తర్వాత అద్దె పంపితే ఏమీ రాయకుండా మామూలుగా పుచ్చుకోకండి, నోటీసును మీరే వదులుకున్నట్టు వాదించే వీలుంటుంది. ఎలా తీసుకోవాలో లాయరునడిగి తీసుకోండి.

గడువు అయిపోయినా కదలకపోతే?

మాడల్ చట్టంలో ఓనర్లకు ఉన్న గట్టి ఆసరా ఇదే. గడువు దాటాక మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలి. కానీ గడువు ఎప్పుడు ముగిసిందో చూపించే కాగితం ఉన్నవాళ్లకే ఈ ఆసరా. తెలంగాణలో ఇప్పటికి ఇది లేదు కాబట్టి, గడువు తర్వాత ఉంటే రోజుకు ఎంత కట్టాలో మీ అగ్రిమెంటులోనే సబబైన అంకెగా రాసుకోండి.

మేం అమెరికాలో ఉంటాం, ఇల్లు కూకట్‌పల్లిలో ఉంది. మాకేం జాగ్రత్త?

మీ తరఫున ఎవరు అద్దె తీసుకుంటారో, ఎవరు సంతకం పెడతారో రాతలో ఉండాలి. మాడల్ చట్టం కూడా అలాంటి మనిషి వివరాలు అద్దెదారుకు ఇవ్వమంటుంది. "మా బావమరిది చూసుకుంటాడు" అంటే కుదరదు, పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ తరఫున పని చేసే అధికారం ఇస్తూ రాసిన పత్రం, ఇవ్వండి. అక్కడ కాన్సులేటులో ధ్రువీకరించి పంపిన కాగితానికి, ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. చాలామంది ఈ గడువు దాటేస్తారు. ఇంకో సంగతి, ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత తక్కువైనా అద్దెదారు టీడీఎస్ (అద్దెలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకోవాలి, 30 శాతం, పైన సెస్సు. ఇది మొదటిరోజే చెప్పకపోతే పాపం అద్దెదారు ఇరుక్కుంటాడు.

కాగితం మీద పెడితే పన్ను పడుతుందిగా?

చాలామంది రాతకు వెనకాడేది ఇందుకే, ఒప్పుకుందాం. ఏడాది అద్దె లక్ష దాటితే ఉద్యోగం చేసే అద్దెదారుకు హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం మీ పాన్ నంబరు కావాలి. నెలకు 50,000 దాటితే 2 శాతం టీడీఎస్ కూడా పట్టుకోవాలి. అంటే మీ అద్దె ఎలాగూ లెక్కలోకి వస్తోంది. ఇంటి పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం, ఖర్చు చేసినా చేయకపోయినా మినహాయింపు వస్తుంది. ఇంటి లోను వడ్డీ ఉంటే దాని లెక్క వేరు. ఇవన్నీ తీసేశాక పడే పన్ను, మీరు భయపడేంత ఉండదు చాలామందికి. దాన్ని తప్పించుకోబోయి ఇంటి మీద రాతపూర్వక ఆధారమే లేకుండా చేసుకోవడం నాకు తెలివిగా అనిపించదు.

మా అద్దెదారు పదేళ్లుగా ఉన్నారు, ఇంటిమనుషుల్లాంటివాళ్లు. ఇప్పుడు కాగితం అడిగితే నొచ్చుకోరూ?

నాకూ ఇదే బెంగ ఉండేది. మా పైన తొమ్మిదేళ్లుగా ఒక టీచరమ్మ కుటుంబం ఉంది. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు పదిరోజులు క్యారియరు పంపింది ఆవిడే. అలాంటి మనిషి దగ్గరికి అగ్రిమెంటు పట్టుకుని ఎలా వెళ్లడం అని రెండు నెలలు నాన్చాను.

చివరికి ఒక ఆదివారం సాయంత్రం రాసుకున్న కాగితం తీసుకుని పైకి వెళ్లాను. క్యాలెండరు సంగతి చెప్పాను. "నీ అడ్వాన్సుకు కూడా నా దగ్గర ఏ రాతా లేదమ్మా, రేపు నాకేమన్నా అయితే మా పిల్లలకు ఎలా తెలుస్తుంది?" అన్నాను. ఆవిడ కాగితం తీసుకుని, పిల్లల పేపర్లు దిద్దినట్టు ఎర్ర పెన్నుతో మొత్తం చదివింది. ఒకచోట తేదీ తప్పు పట్టుకుంది.

"అక్కా, నాదీ ఒక్క ముక్క రాయండి. పొద్దున ఆరింటికల్లా మోటారు వేయాలి, నాకు స్కూలు బస్సు ఏడింటికి," అంది.

పద్నాలుగో షరతుగా అదీ రాసి, ప్రతి పేజీ కిందా ఇద్దరం సంతకాలు పెట్టాం.